చెక్కడపు యంత్రమును ఎంచుకొను విధము

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సందర్భమున నన్ను గూడ ఒక ఉపన్యాసము చేయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, భారతమునుండియో వసుచరిత్రమునుండియో యేదేని యొక ఘట్టమును వివరింతునని వారు తలచియుందురు. పగలెల్ల దుకాణముల పద్దులు వ్రాసి, రాత్రివేళ ఈ గ్రంథాలయపు బీరువాల ముందు కూర్చుండి, గురువు లేకయే నాలుగు పద్యములకు అర్థము చెప్పుకొన నేర్చినవాడను. నా కావ్యజ్ఞానమునకు ఈ భవనమే బడి. కాని నేడు చెప్పదలచినది కావ్యవిషయము కాదు. మన వడ్రంగి సోదరులు కొనదలచుచున్న సి.ఎన్.సి. రూటరు అను చెక్కడపు యంత్రమును గూర్చి చెప్పెదను. ఇంటర్నెట్టు కొరకు గోడకు తగిలించు పెట్టెను గూడ రూటరనియే అందురు. ఆ పెట్టె వేరు, ఈ యంత్రము వేరు. ఆ పెట్టె చెడిన మనకు కాలక్షేపము పోవును. ఈ యంత్రము చెడిన కూడు పోవును.

వడ్రంగము చేతకాని గుమాస్తాకు ఈ ప్రసంగమేలయని మీరడుగవచ్చును. కారణము కలదు. ఈ విషయమున నా లెక్క ఒకసారి తప్పినది. ఆ తప్పువలన ఒక కుటుంబము నష్టపడినది. దానిని సభాముఖమున చెప్పుకొనుట నా విధి.

2021వ సంవత్సరమున మన గ్రామపు వడ్రంగి సోదరుడొకరు రెండు కొటేషన్లు తీసికొని నా యొద్దకు వచ్చిరి. వారి అనుమతితోనే చెప్పుచున్నాను. పేరు మాత్రము చెప్పను. ఒక యంత్రము వెల రు. 3,20,000. రెండవదాని వెల రు. 5,10,000. రెండింటికిని బల్ల నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. రెండింటికిని స్పిండిలు 3 కిలోవాట్లు. "గుమాస్తాగారూ, మీరు చూచి ఏది కొనమంటే అది కొంటాను" అనిరి. నేను కండ్లద్దములు సవరించుకొని, రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి, ఒకే సరకునకు రు. 1,90,000 అధికముగా ఇచ్చుట అవివేకమని చెప్పితిని. ఇల్లాలి గొలుసు బ్యాంకులో తాకట్టుపెట్టి, మిగిలినది అప్పు తెచ్చి, ఆయన తక్కువ వెలదానిని కొనిరి.

మొదటి మూడు నెలలు యంత్రము బాగుగనే ఆడినది. మాఘమాసమున గృహప్రవేశముల పని వచ్చినది. ఒక సింహద్వారమునకు టేకు తలుపుపై గజలక్ష్మిని చెక్కుచుండగా, సగము పని అయిన పిదప, యంత్రము తన చోటు మరచినది. మరునాటి ఉదయము చూడగా ఏనుగు ముఖమొకచోటను, తొండము రెండంగుళములు ప్రక్కను ఉన్నవి. ఆ తలుపు వ్యర్థమైనది. మరి పది దినములకు స్పిండిలు కాలిపోయినది. అమ్మినవారు స్పిండిలు గ్యారంటీలో చేరదనిరి. మనిషి వచ్చుటకు 23 దినములు పట్టినది. ముహూర్తము ఆగదు గదా! ఆ ఇంటివారు సాదా పలకల తలుపు బిగించుకొని గృహప్రవేశము చేసికొనిరి.

ఆ సోదరుడు నన్ను ఒక్క మాటయు అనలేదు. ఆయన ఇల్లాలు మాత్రము ఒకనాడు మా యింటికి వచ్చి, "అన్నయ్యగారూ, మీరు చూసి చెప్పారనే సంతకం పెట్టాము" అని, మరేమియు అనక వెళ్లిపోయినది. నాటినుండి నేను ఈ యంత్రములను గూర్చి తెలిసికొనుటకు పూనుకొంటిని. చుట్టుప్రక్కల పట్టణములలో ఇట్టి యంత్రములు నడుపువారి కొట్లకు పోయి కూర్చుంటిని, అడిగితిని, వ్రాసికొంటిని. నేడు చెప్పునది ఆ వ్రాత.

సభాపర్వమున మయసభకు పోయిన సుయోధనుడు నేలను నీరనుకొనెను, నీటిని నేలయనుకొని అందు పడెను. మెరుపును చూచి నమ్మినవాని గతి అది. కొటేషను కాగితము గూడ ఒక మయసభయే. అందు వ్రాసియున్న అంకెలన్నియు మెరయును. కాలు మోపదగిన నేల ఎచ్చట ఉన్నదో అది చెప్పదు.

మొదట యంత్రస్వరూపమును చెప్పెదను. అంకెల ఆజ్ఞలచేత పనిముట్టును నడపు విద్య అమెరికాలో పుట్టినది. జాన్ పార్సన్స్ అను పారిశ్రామికుడు హెలికాప్టరు రెక్కల వంపులను తప్పులేకుండ కోయుటకై ఆలోచన చేయగా, ఎం.ఐ.టి. విద్యాసంస్థవారు 1952లో రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలతో నడచు యంత్రమును ప్రదర్శించిరి. నేడు పట్టీ స్థానమున కంప్యూటరు ఫైలు వచ్చినది. బల్లమీద చెక్కను బిగింతురు. బల్లకు అడ్డముగా వంతెనవలె ఒక దూలముండును. దానిని గ్యాంట్రీ యందురు. ఆ దూలము నిలువునను, దానిపై స్పిండిలు అడ్డమునను, క్రిందికి మీదికిని కదలును. స్పిండిలు కొనను బిట్టు అను ఉలి నిమిషమునకు 24,000 సారుల వరకు తిరుగుచు చెక్కును. వడ్రంగి చేతికి కన్నున్నది. ఉలి జారిన వెంటనే చేయి ఆగును. యంత్రమునకు కన్ను లేదు. అందుచేతనే దాని దేహము దృఢముగా నుండవలెను.

కావున మొదటి ప్రశ్న దేహమును గూర్చినది. "స్పిండి లెన్ని కిలోవాట్లు?" అని అడుగుటకు ముందు "యంత్రము బరువెంత?" అని అడుగుడు. దళసరి ఉక్కు గొట్టములను అతికి, అతుకువలన కలిగిన లోపలి బిగువును కొలిమిలో కాచి పోగొట్టి, ఆ పిదప పట్టాలు కూర్చుండు చోటులను ఒకే మట్టమున చిత్రికపట్టినట్లు తీర్చిన చట్రము ఉత్తమము. తేలిక చట్రము టేకును కోయునప్పుడు వణకును. ఆ వణకు చెక్కమీద అలలుగా కనబడును, బిట్లు విరుగును. స్పిండిలు చెడిన మార్చవచ్చును, మోటారు చెడిన మార్చవచ్చును. చట్రము చెడ్డదైన మార్చునదేమున్నది? నాడు నేను చూచిన రెండు కాగితములలో ఒకదానియందు బరువు వ్రాసియే యుండలేదు. ఆ లోపమును నేను గమనింపలేదు.

రెండవ ప్రశ్న మోటార్లను గూర్చి. స్టెప్పరు అను మోటారు ఆజ్ఞను అందుకొని ఒక్కొక్క అడుగు కదలును. కాని అడుగు పడినదో లేదో వెనుకకు చెప్పదు. గట్టి కణుపు తగిలియో, బరువు అధికమయ్యో అడుగు తప్పినయెడల యంత్రమునకు తెలియదు. తప్పిన చోటునుండియే మిగిలిన పనియంతయు చేసికొనిపోవును. మన గజలక్ష్మికి జరిగినది ఇదియే. సర్వో మోటారునకు ఎన్‌కోడరు అను సాక్షి యుండును. అడుగు తప్పిన సర్దుకొనును, సర్దుకొనలేనియెడల పని నిలిపి కేక పెట్టును. నా భాషలో చెప్పవలెనన్న, స్టెప్పరు రసీదు లేని చెల్లింపు. సర్వో రసీదుతో గూడిన చెల్లింపు. ఈ రెంటికి నడుమ రసీదునిచ్చు స్టెప్పర్లు గూడ కలవు. వానిని క్లోజ్డు లూపు స్టెప్పర్లందురు. పేరుపలకలు, చిన్న బొమ్మలు చేయువారికి సాధారణ స్టెప్పరు చాలును. గంటల తరబడి టేకు తలుపులు చెక్కువారు రసీదునిచ్చు మోటారునే కోరవలెను.

మూడవది స్పిండిలు. దీనిని నీటితో చల్లబరచు రకమొకటి, గాలితో చల్లబరచు రకమొకటి. నీటిది చప్పుడు తక్కువ. కాని పంపు ఆగినను, గొట్టమున మట్టి పేరుకొనినను స్పిండిలు కాలును. మన సోదరుని స్పిండిలు కాలినది బకెట్టులోని పంపు ఆగిపోవుటవలననే. నీరాగిన వెంటనే స్పిండిలునాపు ఏర్పాటు ఆ యంత్రమున లేదు. అట్టి ఏర్పాటు కలదాయని అడుగవలెను. గాలిది చప్పుడు చేయును, దుమ్మును పీల్చును. కాని నీటి బెడద లేదు. పల్లెటూరి కొట్టునకు గాలి రకమే సులభమని అనుభవజ్ఞులు నాకు చెప్పిరి.

బిట్టును నడపు వేగము గూడ లెక్కయే. స్పిండిలు నిమిషమునకు 18,000 సారులు తిరుగుచు, బిట్టునకు రెండంచు లుండి, ఒక్కొక్క అంచు 0.2 మిల్లీమీటరు మందమున చెక్కను తీయవలెననుకొనుడు. 18,000ను 2తోను 0.2తోను హెచ్చవేయగా 7,200 మిల్లీమీటర్లు. అనగా నిమిషమునకు ఏడు మీటర్లకు పైగా కదలవలెను. భయపడి మెల్లగా నడిపినచో బిట్టు చెక్కను కోయక రాచును. చెక్క మాడును, బిట్టు మొద్దువారును. టేకులో ఇసుక జాతికి చెందిన సిలికా సహజముగనే యుండుటచేత అంచు మరింత త్వరగా అరుగును. తేలిక చట్రముగల యంత్రము ఈ వేగమున వణకును గనుక మెల్లగా నడుపక తప్పదు. మెల్లగా నడిపిన మాడును. ఈ చిక్కు దేహబలమునకే తిరిగి వచ్చినది చూడుడు.

చెక్కను బిగించు విషయమున దుబారా తగదు. గాలిని పీల్చి పలకను అంటించు వాక్యూము బల్ల, ప్లైవుడ్డు పలకలను పగలెల్ల కోయువారికి అవసరము. దాని పంపునకు కరెంటు ఖర్చు మెండు. తలుపు చెక్కలకు బల్ల గాడులలో బిగించు క్లాంపులు చాలును. దుమ్ము పీల్చు సంచి మాత్రము తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 1995లోనే కట్టెపొడిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. పొడి పట్టాలనే కాదు, ఊపిరితిత్తులను గూడ చెరచును. ఇక కరెంటు సంగతి. త్రీఫేజు కనెక్షను, సరియైన ఎర్తు, స్టెబిలైజరు లేనిదే యే యంత్రమైనను మన యూళ్లలో నిలువదు. కరెంటు పోయి తిరిగి వచ్చినపుడు ఆగినచోటునుండి పని కొనసాగునాయని, ఎదుట మెయిను స్విచ్చి ఆపించి చూడవలెను.

సాఫ్టువేరును గూర్చి యొక మాట. ఆర్ట్‌క్యామ్ అను ప్రసిద్ధ సాఫ్టువేరును ఆటోడెస్క్ కంపెనీవారు 2018లో నిలిపివేసిరి. ఆ పిదప దానిని కార్వెకో అను పేరున వేరొకరు కొనసాగించిరి. ఐనను దొంగ ప్రతులు అంగళ్లలో తిరుగుచునే యున్నవి. "సాఫ్టువేరు ఉచితము" అని అమ్మువాడు చెప్పిన, ఆ ఉచితమునకు లైసెన్సు ఎవరి పేరున కలదో అడుగుడు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమగు ప్రశ్న. యంత్రము ఆగిననాడు వచ్చువాడెవడు? ఎచ్చటినుండి వచ్చును? ఎన్ని దినములలో వచ్చును? ఈ యంత్రముల భాగములు పెక్కు చైనానుండి వచ్చునవే. అచ్చటి జినాన్ నగరము ఈ తయారీకి పేరు మోసినది. చైనాది యనుటచేత చెడ్డదియు కాదు, స్వదేశమున బిగించినదనుటచేత మంచిదియు కాదు. దాని కంట్రోలరు, డ్రైవు, స్పిండిలు విజయవాడలోగాని హైదరాబాదులోగాని అంగడిలో విడిగా దొరకునా? దొరకునెడల ఒక పూటలో తెచ్చుకొనవచ్చును. అమ్మినవాని యొద్ద తప్ప దొరకనియెడల మన జుట్టు వాని చేతిలో నుండును. గ్యారంటీలో చేరనివేవో వ్రాయించుకొనుడు. చేరునవి వారే చెప్పుదురు. కొన్నవారి పేర్లడుగుడు. నిన్న కొన్నవారిని కాదు, రెండేండ్ల క్రిందట కొన్నవారిని అడుగుడు. వారి కొట్టునకు చెప్పకయే పోయి, యంత్రము ఆడుచున్నదో గోనెపట్టా కప్పుకొనియున్నదో చూడుడు.

డబ్బు కట్టుటకు ముందు పరీక్ష చేయవలెను. చెక్క మనదే తీసికొనిపోవలెను; వారి మెత్తని పలకపై ఏ యంత్రమైనను అందముగనే చెక్కును. 900 మిల్లీమీటర్ల వెడల్పు, 1,200 పొడవు గల దీర్ఘచతురస్రపు పలకను కోయించుడు. మూలలనుండి మూలలకు కొలువగా రెండు కర్ణములును సరిగా 1,500 రావలెను. మూడు, నాలుగు, అయిదు అను మూలమట్టపు లెక్క మన వడ్రంగులకు తాతలనాటినుండి తెలిసినదే. ఒకటి 1,502, రెండవది 1,498 వచ్చెనేని దూలము వంకరగా నున్నది. పిదప ఒక వృత్తమును కోయించి నలువైపుల వ్యాసము కొలువుడు. చివరకు మూడు గంటల చెక్కడము చేయించి, స్పిండిలును బయలుదేరిన గుర్తునకు మరల రప్పించుడు. వెండ్రుకవాసి యైనను తేడా యున్న, అది మీ కొట్టులో ఏనుగు తొండమగును. బిగింపు, శిక్షణ, పరీక్ష ముగియువరకు వెలలో పదవ వంతైన చేతియందు ఉంచుకొనుడు.

ఇప్పుడు నా తప్పును అంకెలలో చూపెదను. మన సోదరుడు యంత్రమునకు గంటకు రు. 350 చొప్పున పని చేసిరి. దినమునకు 8 గంటలకు రు. 2,800. కరెంటు, బిట్లు, సహాయకుని కూలి రు. 1,000 పోగా మిగులు రు. 1,800. తొలి ఏట యంత్రము నిలిచిన దినములు 61. వానివలన పోయినది రు. 1,09,800. క్రొత్త స్పిండిలు రు. 38,000. మరమ్మతుదారుల రాకపోకలు, కూలి రు. 21,000. చెడిన టేకు రు. 27,000. మొత్తము రు. 1,95,800. నేను ఆదా చేయించితినని గర్వించినది రు. 1,90,000. ఒక్క యేటిలోనే ఆ ఆదా హరించి, పైన రు. 5,800 తిన్నది. పోయిన బేరములను, తప్పిన మాటను ఈ పద్దులో వేయలేదు. వానికి ఖాతా లేదు.

అట్లని అధిక వెలదానినే కొనుడని నేననుట లేదు. అసలు కొనవలెనా అనునది మొదటి లెక్క. నెలకు వాయిదా రు. 11,000, షెడ్డు అద్దె రు. 3,000, మరమ్మతులకై ప్రక్కనుంచదగినది రు. 4,000 అనుకొందము. మొత్తము రు. 18,000. గంటకు మిగులు రు. 225. కావున నెలకు 80 గంటల పని యున్నగాని అసలు చెల్లదు. ఆరునెలలు మీ చెక్కడపు పనిని పట్టణములోని యంత్రమునకు పంపి, ఎన్ని గంటలైనవో పుస్తకమున వ్రాసికొనుడు. 80కి లోబడిన, అప్పు చేయకుడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక యంత్రము కొనుట మేలు. ఋణము విషయమున, 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున వడ్రంగులు చేరియున్నారు. తొలి విడత లక్ష, అది తీర్చిన పిదప మలివిడత రెండు లక్షల వరకు, 5 శాతము వడ్డీకి ఋణమిచ్చునట్లు అందు ఏర్పాటు చేసిరి. గొలుసు తాకట్టునకు ముందు ఆ తలుపు తట్టి చూడదగును.

యంత్రము వచ్చిన చేతిపని నశించునని కొందరి భయము. అమరకోశమున వడ్రంగికి తక్షుడని, వర్ధకియని, త్వష్టయని, రథకారుడని పేర్లు కలవు. ఇన్ని పేర్లు కేవలము చెక్కను కోయువానికి రాలేదు. ఏ చెక్క ఎండినది, ఏ చెక్క ముందు వంకరపోవును, నార ఎటు నడచినది అను జ్ఞానము యంత్రమునకు లేదు. పచ్చి చెక్కను పెట్టినను అది వినయముగా చెక్కును. ఆ తలుపు వేసవిలో బీటవారును. మన సోదరుని యింట యంత్రము విడిచిన గజలక్ష్మి కన్నులను నేటికిని ఆయన తండ్రిగారు ఉలితోనే తెరచుచున్నారు.

ఆ కుటుంబము నిలిచినదని చెప్పుటకు సంతోషించుచున్నాను. చట్రమునకు అడ్డుకమ్మీలు అతికించి, మోటార్లు మార్చి, మూడేండ్లు శ్రమించి అప్పు తీర్చిరి. గొలుసు నిరుడు ఇంటికి వచ్చినది. ఆ వార్త నాకు చెప్పుటకు ఆ చెల్లెలుగారే వచ్చినది.

చివరకు ఒక మనవి. ఈ గ్రంథాలయమున ఒక రిజిష్టరు పెట్టుదము. యంత్రములు కొన్న మన గ్రామమువారు, పొరుగూరివారు, తమ యంత్రము నెలకెన్ని గంటలు ఆడినది, ఎన్ని దినములు ఆగినది, ఏ భాగము చెడినది, మనిషి ఎన్నాళ్లకు వచ్చినది అందు వ్రాయుదురు గాక. అమ్మువాడు తన సరకును గూర్చి చెప్పును. ఆ పుస్తకము మన అనుభవమును గూర్చి చెప్పును. ఇకమీదట ఎవరైన రెండు కొటేషన్లు తీసికొని వచ్చిన, నేను కండ్లద్దములు సవరించుకొనను. ఆ పుస్తకమును తెరచి చూపెదను. రిజిష్టరు కొనుటకు అగు వెలను, ప్రతి నెల పద్దు కూడు పనిని నేను వహించెదను.